టర్బో కారుకు మాన్యువలా, ఆటోమేటిక్కా? గుంటూరు – విజయవాడ మధ్య రోజూ తిరిగేవారి సలహా కావాలి

బ్రాడీపేట నివాసి (ప్రశ్న):

అందరికీ నమస్కారం. నేను గుంటూరు బ్రాడీపేటలో ఉంటాను, ఉద్యోగం విజయవాడ గవర్నరుపేటలో. పన్నెండేళ్లుగా నడుపుతున్న డీజిల్ కారును వదిలించుకుని, ఈసారైనా అవసరం కోసం కాకుండా ఇష్టం కోసం ఒక కారు కొనుక్కోవాలనుకుంటున్నాను. 1.5 లీటర్ల టర్బో పెట్రోల్ ఇంజన్ ఉన్న సెడాన్ల మీద మనసు పడింది. 150 పీఎస్ శక్తి గల ఫోక్స్‌వ్యాగన్ వర్టస్ జీటీ, 160 పీఎస్ గల హ్యుందాయ్ వెర్నా టర్బో నా దృష్టిలో ఉన్నాయి. రెండింటిలోనూ ఆరు గేర్ల మాన్యువల్ ఉంది, ఏడు గేర్ల డ్యుయల్ క్లచ్ ఆటోమేటిక్ కూడా ఉంది. ఏ కారన్నది తర్వాత తేల్చుకుంటాను. ముందుగా గేర్‌బాక్స్ సంగతే తేలడం లేదు.

ఉదయం ఏడింటికి బయలుదేరితే హైవే ఎక్కిన దగ్గరి నుంచి కాజ టోల్ ప్లాజా, మంగళగిరి మీదుగా తాడేపల్లి దాకా బండి హాయిగా సాగిపోతుంది. సాయంత్రం తిరుగు ప్రయాణమే శిక్ష. బెంజి సర్కిల్ నుంచి వారధి దాటేవరకు కొన్ని రోజులు కారు నడుస్తోందో, వెనకవాళ్లు నెడుతున్నారో తెలియని పరిస్థితి. నా డీజిల్ కారు క్లచ్ ఎంత బిగుసుకుందంటే, ఇంటికి చేరాక మెట్లెక్కేటప్పుడు ఎడమ మోకాలు నాకు గుర్తుచేస్తుంది.

మా నాన్నగారు ఆటోమేటిక్ అంటే పికప్ ఉండదని, కారు మీద మన చెయ్యి ఉండదని అంటారు. కారు అమ్మేవారేమో ఈ రోజుల్లో వేగం కావాలంటే ఆటోమేటిక్కే కొనాలంటారు. ఇద్దరిలో ఎవరి మాట నిజం? టర్బో ఇంజన్‌కూ గేర్‌బాక్స్‌కూ ప్రత్యేకమైన సంబంధం ఏమైనా ఉందా? మా ఆవిడ కూడా వారంలో రెండు మూడు రోజులు ఇదే కారు తీసుకుని మంగళగిరి దాకా వెళ్తుంది కాబట్టి, నా ఒక్కడి సరదా చూసుకుంటే కుదరదు.

పటమట ఇంజినీర్:

మీ నాన్నగారి మాట ఆయన కాలానికి నిజమే. అప్పటి నాలుగు గేర్ల ఆటోమేటిక్‌లు శక్తిని మింగేసేవి, గేరు మార్చడానికి బద్ధకించేవి. అయితే మీరు అడిగిన చివరి ప్రశ్న, అంటే టర్బోకూ గేర్‌బాక్స్‌కూ ఉన్న సంబంధం, అసలు విషయమంతా అందులోనే ఉంది కాబట్టి కాస్త వివరంగా రాస్తాను.

టర్బో అనేది పొగగొట్టంలోకి వెళ్లే వేడి వాయువుల ఊపుతో తిరిగే చక్రం. అదే ఇరుసుకు రెండో వైపున్న చక్రం బయటి గాలిని ఒత్తి ఇంజన్‌లోకి పంపిస్తుంది. ఈ ఒత్తిడినే బూస్ట్ అంటున్నాం. మాన్యువల్ కారులో గేరు మార్చడానికి మీరు ఆక్సిలరేటర్ మీది నుంచి కాలు తీసి క్లచ్ తొక్కగానే థ్రాటిల్, అంటే ఇంజన్‌లోకి గాలి వెళ్లే తలుపు, మూసుకుంటుంది. అప్పటికే ఒత్తిడితో ఉన్న గాలికి పోయే దారి ఉండదు కాబట్టి డైవర్టర్ వాల్వ్ తెరుచుకుని దాన్ని దారి మళ్లిస్తుంది. కొందరు కుర్రవాళ్లు డబ్బు పెట్టి మరీ పెంచుకునే ఆ ‘ఇస్స్’ శబ్దం ఇదే. పొగ వాయువుల ఊపు తగ్గడంతో టర్బో చక్రం వేగం కూడా పడిపోతుంది. మీరు తరువాతి గేరులోకి వెళ్లి మళ్లీ కాలు నొక్కాక, ఆ ఒత్తిడిని తిరిగి కూడగట్టుకోవాలి. టర్బో లేని ఇంజన్‌లో గేరు మార్పు వల్ల పోయేది ఆ అరక్షణం మాత్రమే. టర్బో ఇంజన్‌లో అరక్షణంతో పాటు బూస్ట్ కూడా పోతుంది.

డ్యుయల్ క్లచ్ గేర్‌బాక్స్‌లో బేసి గేర్లకు ఒక క్లచ్, సరి గేర్లకు ఇంకొక క్లచ్ ఉంటాయి. మీరు మూడో గేరులో ఉండగానే నాలుగోది లోపల సిద్ధంగా ఉంటుంది. ఒక క్లచ్ వదులుతూ ఉంటే రెండోది పట్టుకుంటుంది. థ్రాటిల్ మూయాల్సిన అవసరం లేకుండా, స్పార్క్‌ను కాస్త ఆలస్యం చేసి టార్క్‌ను, అంటే ఇంజన్ తిప్పే బలాన్ని, క్షణంపాటు తగ్గిస్తే చాలు. అందువల్ల బూస్ట్ దాదాపు చెక్కుచెదరదు. పోర్షే సంస్థ 1980ల్లో తన 956, 962 టర్బో రేసు కార్లలో పీడీకే అనే పేరుతో ఈ డ్యుయల్ క్లచ్ గేర్‌బాక్స్‌ను అంత కష్టపడి పరీక్షించింది కూడా గేరు మార్చేటప్పుడు బూస్ట్ పోకుండా ఉండాలనే. 1986లో మోంజాలో 962 ఆ గేర్‌బాక్స్‌తోనే రేసు గెలిచింది. మామూలు రోడ్డు కార్లకు ఈ పద్ధతి 2003లో ఫోక్స్‌వ్యాగన్ గోల్ఫ్ ఆర్32తో వచ్చింది. పోర్షే 911కు మాత్రం 2008 దాకా రాలేదు. 2013లో వచ్చిన తరం నుంచి 911 టర్బోకు మాన్యువల్ అసలే లేదు.

కాబట్టి స్టాప్‌వాచ్ పట్టుకుని చూస్తే అమ్మేవారి మాటే నిజం. బీఎండబ్ల్యూ ఎం2నే చూడండి. మన దేశంలో కూడా రెండు గేర్‌బాక్స్‌లతో దొరికే అరుదైన స్పోర్ట్స్ కారు అది. 2023లో వచ్చినప్పుడు సంస్థ చెప్పిన లెక్క ప్రకారం సున్నా నుంచి 100 కిలోమీటర్ల వేగానికి ఆటోమేటిక్‌కు 4.1 సెకన్లు, మాన్యువల్‌కు 4.3 సెకన్లు పడతాయి. ఆ 0.2 సెకన్ల కోసం మీరు గవర్నరుపేటలో ఏం చేస్తారన్నది నేను అడగను.

లబ్బీపేట డీసీటీ:

నేను ఏడు గేర్ల డ్యుయల్ క్లచ్ ఉన్న టర్బో కారును నాలుగేళ్లుగా నడుపుతున్నాను. హైవే మీద దానికి సాటి లేదు. అయితే పై మిత్రులు చెప్పని ఒక ఇబ్బంది ఉంది. లోపల తరువాతి గేరు సిద్ధంగా ఉంటుందన్నారు కదా, ఆ సిద్ధంగా ఉండేది ఏ గేరన్నది కంప్యూటర్ ఊహ. నిదానంగా వేగం పుంజుకుంటుంటే అది పై గేరును సిద్ధం చేసి కూర్చుంటుంది. సరిగ్గా అప్పుడే ముందున్న లారీని దాటుదామని మీరు ఆక్సిలరేటర్ గట్టిగా నొక్కితే, సిద్ధం చేసుకున్నదాన్ని వదిలి కింది గేర్లు వెతుక్కుని, ఆ తర్వాత బూస్ట్ కూడగట్టుకుని కదులుతుంది. ఆ ఒక్క క్షణం ‘ఏమైంది దీనికి’ అనిపిస్తుంది. దాటబోయే ముందే స్టీరింగ్ వెనక ఉన్న ప్యాడిల్‌తో రెండు గేర్లు దించి పెట్టుకోవడం నేను అలవాటు చేసుకున్నాను. ఆలోచిస్తే అది మాన్యువల్ నడపడమే కదా!

ఇక వారధి మీద నత్తనడక సంగతి. మీ ఆవిడగారికి మొదటి వారం ఇబ్బందిగా ఉండవచ్చు. మొదటి గేరుకూ రెండో గేరుకూ మధ్య బండి తడబడుతుంది. ముందు కారుకూ మనకూ మధ్య కాస్త ఖాళీ వదిలి, ఆ ఖాళీలోకి ఒకేసారి వెళ్లి ఆగడం మేలు. అయితే మన ఊళ్లో ఖాళీ వదిలితే అందులోకి రెండు స్కూటర్లూ ఒక ఆటో వచ్చేస్తాయి, అది వేరే విషయం.

కొండవీటి బాటసారి:

వేగం గురించి రాసినవన్నీ ఒప్పుకుంటున్నాను. కానీ ప్రశ్న అడిగినవారు ‘ఇష్టం కోసం’ అన్నారు, ఆ మాటను ఎవరూ పట్టించుకోలేదు.

నా దగ్గర ఆరు గేర్ల మాన్యువల్ టర్బో సెడాన్ ఉంది. ఈ రకం ఇంజన్ల స్వభావం ఏమిటంటే, వాటి పూర్తి టార్క్ చాలా కిందనే మొదలవుతుంది. వర్టస్ జీటీలో 250 న్యూటన్ మీటర్లు 1,600 నుంచి 3,500 ఆర్‌పీఎం (నిమిషానికి ఇంజన్ తిరిగే చుట్లు) వరకు, వెర్నా టర్బోలో 253 న్యూటన్ మీటర్లు 1,500 నుంచి 3,500 వరకు ఒకే తీరుగా ఉంటాయి. అంటే హైవే మీద పై గేరులోనే బూస్ట్ చేతిలో ఉంటుంది, చాలాసార్లు లారీని దాటడానికి గేరు దించాల్సిన పని కూడా ఉండదు. టర్బో కారులో మాన్యువల్ అంటే అస్తమానం గేర్లు మార్చుకుంటూ ఉండాలన్న భయం పాత ఇంజన్ల నుంచి వచ్చింది. ఇందులో కష్టం వేరే చోట ఉంది. 1,500 కిందికి పడితే ఇంజన్ నిద్రపోతుంది. స్పీడ్ బ్రేకర్ దాటాక మూడో గేరులోనే లాగుదామని బద్ధకిస్తే ముందు ఏమీ జరగదు, ఆ తర్వాత ఒక్కసారిగా అంతా జరుగుతుంది. ఏ వేగంలో ఏ గేరు ఉంటే టర్బో మేలుకుని ఉంటుందో కాలికీ చెవికీ తెలిసేదాకా కొన్ని వారాలు పడుతుంది. ఆ తెలియడంలోనే సరదా ఉంది.

ఆదివారం పొద్దున్నే కొండవీడు ఘాట్ రోడ్డు ఎక్కేటప్పుడు నేను రెండో గేరులో మలుపు తిరిగి, బయటికి వచ్చేటప్పుడు ఎప్పుడు కాలు నొక్కాలన్నది టర్బో ఆలస్యాన్ని లెక్కలోకి తీసుకుని అరక్షణం ముందే నిర్ణయించుకుంటాను. ఆ పని కంప్యూటర్ నాకంటే బాగా చేస్తుందని తెలుసు. చదరంగం కూడా కంప్యూటరే బాగా ఆడుతుంది, అయినా మా వీధి అరుగు మీద బల్ల ఖాళీగా ఉండదు.

ఒక ఫిర్యాదు మాత్రం నిజాయితీగా చెప్పాలి. కాలుష్య నిబంధనల కోసం ఈ ఇంజన్లను మలచిన తీరు వల్ల, ఆక్సిలరేటర్ వదిలినా ఆర్‌పీఎం వెంటనే దిగదు, కాసేపు గాలిలో వేలాడుతుంది. మొదటి గేరు నుంచి రెండో గేరుకు త్వరగా మార్చబోతే కుదుపు వస్తుంది. డబ్బు పెట్టి కొన్న కారు నేనే కొత్తగా నేర్చుకుంటున్నట్టు కుదపడం నాకు చిన్నతనంగా ఉండేది. ఇప్పుడు అలవాటైంది.

బ్రాడీపేట నివాసి:

ఎంతో ఓపికగా రాసినందుకు ముగ్గురికీ కృతజ్ఞతలు. ఇంకొక భయం మిగిలి ఉంది. డ్యుయల్ క్లచ్ గేర్‌బాక్స్‌లు వేడెక్కి పాడవుతాయని, మే నెలలో విజయవాడ ఎండకు అవి నిలబడవని చాలామంది అంటున్నారు. ఇందులో ఎంతవరకు నిజముంది? మాన్యువల్ అయితే ఎన్నేళ్లైనా నిశ్చింతగా ఉండవచ్చా?

ఆటోనగర్ గేర్‌బాక్స్:

ఇరవై రెండేళ్లుగా ఆటోనగర్‌లో గేర్‌బాక్స్‌లు విప్పుతున్నాను. ఏ సంస్థ పేరూ ఎత్తి తిట్టను గానీ, చూసింది చెబుతాను.

ముందుగా ఎండ సంగతి. బయట 44 డిగ్రీలు ఉన్నంత మాత్రాన క్లచ్ కాలిపోదు. క్లచ్‌ను కాల్చేది జారుడు. ఇంజన్ వేగం ఒకటి, గేర్‌బాక్స్ వేగం ఇంకొకటి ఉన్నప్పుడు మధ్యలో ప్లేటు రాసుకుంటుంది, ఆ రాపిడి వేడి అవుతుంది. ఎండాకాలంలో ఆ వేడి బయటికి పోవడం కష్టం, అంతే తేడా. డ్యుయల్ క్లచ్‌లో రెండు రకాలున్నాయి. ఒకటి ఆయిల్‌లో మునిగి ఉండే తడి క్లచ్. ఆ ఆయిలే వేడిని మోసుకుపోతుంది. రెండోది పొడి క్లచ్. దానికి గాలే దిక్కు. ఆయిల్‌ను తిప్పే భారం లేదు కాబట్టి పొడి క్లచ్‌తో మైలేజీ బాగుంటుంది, కానీ నత్తనడక దానికి పడదు. ఫోక్స్‌వ్యాగన్ వారి డీక్యూ200 అనే పొడి క్లచ్ రకం 2008లో వచ్చింది, అది తట్టుకునే గరిష్ఠ టార్క్ 250 న్యూటన్ మీటర్లు. వర్టస్ జీటీ ఇంజన్ సరిగ్గా ఆ గీత దగ్గరే ఉంది. ఈ రకంలో మొదట్లో వచ్చిన లోపాల వల్ల 2013లో చైనాలో 3.8 లక్షలకు పైగా కార్లను వెనక్కి పిలవాల్సి వచ్చింది. ఆ తరువాత దాన్ని చాలా మార్చారు. ఇప్పుడు వచ్చేవి పాతవాటంత చెడ్డవి కావు, నా దగ్గరికి వచ్చేవి కూడా తగ్గాయి. అయినా ఒకసారి పాడైతే విప్పడానికి ప్రత్యేకమైన పనిముట్లు, బిగించాక కంప్యూటర్‌తో క్లచ్ పట్టే చోటును మళ్లీ నేర్పించడం, ఇదంతా అవసరం. మామూలు షెడ్డులో అయ్యే పని కాదు. అందుకని వారంటీని ఎన్నేళ్లకు పొడిగించుకోగలిగితే అన్నేళ్లకూ పొడిగించుకోండి, ఆ డబ్బు దండగ అనుకోవద్దు.

నడిపే తీరు గురించి ఒక్క మాట. వంతెన వాలు మీద ఆగినప్పుడు బ్రేక్ తొక్కి ఉంటే డ్యుయల్ క్లచ్ విడిపోయి విశ్రాంతిగా ఉంటుంది. బ్రేక్ వదిలి ఆక్సిలరేటర్‌ను కొంచెం కొంచెం నొక్కుతూ బండిని వాలు మీద నిలబెట్టేవారున్నారు. అలా రెండు నిమిషాలు నిలబెడితే క్లచ్‌ను పొయ్యి మీద పెట్టినట్టే.

ఇక మాన్యువల్ నిశ్చింత అన్నారు, అది కూడా పూర్తిగా నిజం కాదండి. హాఫ్ క్లచ్ మీద కాలు పెట్టి నడిపే అలవాటు మనవాళ్లలో పదిమందిలో ఏడుగురికి ఉంటుందని నా అంచనా. మొన్ననే గుంటూరు నుంచి ఒక టర్బో పెట్రోల్ మాన్యువల్ కారు వచ్చింది. షెడ్డు గేటు దాటకముందే కాలిన వాసన కొట్టింది. విప్పి చూస్తే ప్లేటు మీది లైనింగ్ రివెట్ల దాకా అరిగిపోయింది, ఆ ప్లేటు రాసుకునే ఇంజన్ వైపు చక్రం, అదే ఫ్లైవీల్, దాని ముఖం నీలం రంగు తిరిగింది. బండి తిరిగింది 31,000 కిలోమీటర్లే. టర్బో ఇంజన్‌కు కిందనే టార్క్ ఎక్కువ కాబట్టి, సగం పట్టిన క్లచ్ మీద అంత లాగుడు పడితే అరుగుదల కూడా ఎక్కువే. ప్లేటు, ప్రెజర్ ప్లేటు, రిలీజ్ బేరింగ్ మార్చితే పని అయిపోయేది గానీ, వాటితో పాటు ఫ్లైవీల్ కూడా పోయింది. ఇలాంటి ఇంజన్ల వెనక రెండు పలకల ఫ్లైవీల్ ఉంటే, లేత్ మీద గీసి సరిచేసే పాత ఉపాయం దానికి పనికిరాదు, కొత్తది వేయాల్సిందే.

మాన్యువల్ వారికి ఇంకొక హెచ్చరిక. మైలేజీ కోసం ఆరో గేరులో 1,200 ఆర్‌పీఎం దగ్గర పెట్టి, అక్కడి నుంచి ఆక్సిలరేటర్ పూర్తిగా తొక్కవద్దు. నేరుగా సిలిండర్‌లోకి పెట్రోల్ చిమ్మే టర్బో ఇంజన్లలో అలా చేస్తే స్పార్క్ రాకముందే మిశ్రమం అంటుకుని పిస్టన్‌ను సుత్తితో కొట్టినట్టు కొడుతుంది. 2020లో తెచ్చిన ఏపీఐ ఎస్‌పీ అనే ఆయిల్ ప్రమాణంలో దీన్ని తగ్గించడం కూడా ఒక షరతు. బండితో ఇచ్చిన పుస్తకంలో ఏ ఆయిల్ రాశారో అదే పోయండి. ఈ విషయంలో ఆటోమేటిక్ వారికి బాధ లేదు, కంప్యూటర్ ముందే గేరు దించేస్తుంది.

నన్ను అడిగితే రోజూ ట్రాఫిక్‌లో తిరిగేవారికి టార్క్ కన్వర్టర్ ఆటోమేటిక్ అన్నింటికంటే గట్టిది. అందులో కదిలేటప్పుడు జారేది ప్లేటు కాదు, ద్రవం. అది పాత సరుకని నవ్వకండి. బీఎండబ్ల్యూ వారే ఎం5 కారులో ఏడు గేర్ల డ్యుయల్ క్లచ్ తీసేసి, దాని తరువాతి తరంలో ఎనిమిది గేర్ల టార్క్ కన్వర్టర్ పెట్టారు. టొయోటా వారు జీఆర్ యారిస్‌కు 2024లో ఎనిమిది గేర్ల ఆటోమేటిక్ ఇచ్చినప్పుడు కూడా టార్క్ కన్వర్టర్ రకాన్నే ఎంచుకున్నారు. మీరు చెప్పిన 1.5 ఇంజన్లకు అది దొరకకపోవడమే చిక్కు. వర్టస్‌లోనైతే 115 పీఎస్ గల 1.0 లీటరు ఇంజన్‌కే దొరుకుతుంది.

పటమట ఇంజినీర్:

ఆటోనగర్ వారి మాటకు తిరుగు లేదు. నేను బూస్ట్ లెక్కలు రాశాను గానీ, గంటకు ఐదు కిలోమీటర్ల వేగంలో క్లచ్‌కు ఏమవుతుందన్నది రాయలేదు. ప్రశ్న అడిగిన వారి ప్రయాణంలో సగం సమయం ఆ వేగంలోనే పోతుంది కాబట్టి తేల్చాల్సింది కూడా అదే. టెస్ట్ డ్రైవ్‌ను ఉదయం పదింటికి ఖాళీ సర్వీస్ రోడ్డు మీద చేయకండి. సాయంత్రం ఆరున్నరకు వారధి మీద చేయండి. కాస్త గట్టిగా అడిగితే ఇస్తారు.

బ్రాడీపేట నివాసి:

మీరు చెప్పినట్టే చేశాము. శనివారం సాయంత్రం మా ఆవిడా నేనూ రెండు రకాలనూ వెంట వెంటనే, బెంజి సర్కిల్ నుంచి వారధి దాటి తాడేపల్లి దాకా నడిపి చూశాము. మాన్యువల్‌లో నేను నడుపుతుంటే ఆమె పక్కన కూర్చుని క్లచ్ ఎన్నిసార్లు తొక్కానో లెక్కపెట్టింది. వారధి చివరికి వచ్చేసరికి 63. అయితే ఆ క్లచ్ నా డీజిల్ కారు క్లచ్‌లో సగం బరువు కూడా లేదు, మోకాలికి తెలియనే లేదు. డ్యుయల్ క్లచ్‌లో ఆమె నడిపినప్పుడు, లబ్బీపేట మిత్రులు చెప్పిన ఆ తడబాటు సరిగ్గా ఒక స్కూటర్ అడ్డం వచ్చిన క్షణంలోనే వచ్చింది. ‘ఇది నా మాట వినడం లేదు, ఆలోచించుకుని వింటోంది’ అంది.

ఆమెకు మాన్యువలే నచ్చుతుందని నేను అస్సలు ఊహించలేదు. బుకింగ్ సోమవారం చేశాము, మాన్యువల్‌కు. బండి రావడానికి ఆరు వారాలు పడుతుందట. ఈలోగా హాఫ్ క్లచ్ అలవాటును పాత కారులోనే మానిపించుకోవాలని చూస్తున్నాను. ఎడమ కాలు క్లచ్ మీదికి వెళ్లినప్పుడల్లా మా ఆవిడ ‘ఆటోనగర్’ అంటోంది.

ఆటోనగర్ గేర్‌బాక్స్:

మంచిదండి. మొదటి వెయ్యి కిలోమీటర్లు ఇంజన్‌ను గట్టిగా లాగకండి. క్లచ్ పక్కన కాలు పెట్టుకోవడానికి పలక ఉంటుంది, ఎడమ కాలిని దాని మీదే ఉంచండి.